ఏడు రకాల ‘ఊ’

నాకొక జబ్బుంది. ఏదైనా చిందరవందరగా కనబడితే చేతులు ఊరుకోవు. గుమ్మం ముందు చెప్పులు వంకరగా ఉంటే సరిచేస్తాను, వాటిలో పక్కింటివాళ్ల చెప్పులుంటే వాటినీ సరిచేస్తాను. ఒక పెళ్లిలో విస్తళ్లు వరసగా వేయలేదని వడ్డించేవాళ్లతో గొడవపడి, అన్నం తినకుండా వచ్చిన మనిషిని. మా అక్క దీనికి ‘సర్దుడు రోగం’ అని పేరు పెట్టింది. అప్పట్లో ఆమెకు గొంతు ఉండేది, అందుకని వీధి చివరిదాకా వినబడేటట్టే పెట్టింది.

ఈ రోగానికి తగ్గ ఉద్యోగమే దొరికింది నాకు. క్యాతగానచెర్లు దగ్గర సోలార్ పార్కులో కంట్రోల్ రూములో కూచుంటాను. మా నాయన వేరుశెనగ వేసిన చేను ఇప్పుడు ఆ ప్యానెళ్ల కిందనే ఉంది. ఏ వరస పని చేస్తోంది, ఏ వరస మొండికేసింది అని తెర మీద చూస్తూ ఉండటం నా పని. అన్నీ తిన్నగా, ఒకే ఎత్తులో, ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. చాలామందికి అది చూస్తే దిగులు పుడుతుందట. నాకు మాత్రం హాయిగా ఉంటుంది.

ఒకరోజు మా రూములో పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టారు. మామూలుగా అయితే వాటిని మళ్లీ మన చేతికి అలవాటయ్యేటట్టు చేసుకోవడానికి రెండు రోజులు పడుతుంది. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు ఒక్క ఫైలు పెట్టి, ఒక్క వరస టైపు చేసి, టీ తాగడానికి బయటికి పోయాడు. తిరిగి వచ్చేసరికి కంప్యూటర్లన్నీ కవలపిల్లల్లాగా ఒక్కటే తీరుగా ఉన్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, మీ సొంత కంప్యూటర్‌కు కూడా వాడుకోవచ్చు సార్ అని ఆ పని చేసిన సాఫ్ట్‌వేర్ సాధనం నా పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

దాని సంగతి పెద్దగా ఏమీ లేదు. మన కంప్యూటర్ ఎట్లా ఉండాలో ఒక ఫైలులో రాసి పెట్టుకుంటాం. అక్షరాలు ఇంత పెద్దగా ఉండాలి, తెర రంగు ఇది, ఈ ప్రోగ్రాములు ఉండాలి, ఫలానా మీట నొక్కితే ఫలానా పని జరగాలి. అది ఆ ఫైలు చదువుకుని కంప్యూటర్‌ను అచ్చం అట్లాగే తయారు చేస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఏం మారబోతోందో చూపిస్తుంది. పోయేవి ఎర్రగా, వచ్చేవి పచ్చగా. మనం సరే అంటేనే ముందుకు కదులుతుంది. పైగా ఆ ఫైలు పాత రూపాలన్నీ దాచిపెట్టి, ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి ఇస్తుంది. ఒకటే షరతు. ఫైలులో రాసిందే ఉంటుంది, రాయనిది ఉండదు.

నా లాప్‌టాప్‌ను దానికి అప్పగించడానికి వారం పట్టింది. పని కష్టమని కాదు. పదేళ్లుగా అప్పుడొకటి ఇప్పుడొకటి మార్చుకుంటూ వచ్చినవన్నీ వెతికి రాయాలి కదా. రాస్తూ ఉంటే ఇంతకాలం నేనెట్లా బతికానో నాకే ఎవరో చెప్తున్నట్టు అనిపించింది. ఒకచోట, సాయంత్రం ఆరు దాటితే తెర వెలుతురు బాగా తగ్గిపోవాలని ఉంది. ఎందుకు పెట్టుకున్నానో ఎంతకూ గుర్తు రాలేదు. రెండు రోజుల తరవాత స్నానం చేస్తుంటే తట్టింది. అక్క ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె మంచం పక్కన కూచుని పని చేసుకునేవాణ్ణి, వెలుతురు ఆమె కళ్లలో పడకూడదని అట్లా పెట్టాను. దాన్నీ ఫైలులో రాశాను. ఎందుకో మాత్రం రాయలేదు. కారణం రాసుకోవడానికి ఆ ఫైలులో చోటుంది, ముందొక గుర్తు పెట్టి మన మాటల్లో రాసుకోవచ్చు. ఎవరు చదువుతారులే అనుకున్నాను.

అక్క సంగతి చెప్పాలి. వై.ఎన్.హొసకోటలో బస్టాండు వెనక వీధిలో ఆమెకు జాకెట్లు కుట్టే అంగడి ఉంది. అంగడి వెనకనే ఇల్లు. బావ లారీ నడుపుతాడు, నెలకు ఒకసారి కనబడితే ఎక్కువ. ఒక్కతే కూతురు. అక్కకు గొంతులో గడ్డ లేస్తే బెంగళూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు, స్వరపేటిక మాత్రం తీసేశారు. ఊళ్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి పలక పట్టుకుని ఇంటికి వచ్చింది. పలక అంగట్లో పనికి రాలేదు. వచ్చే ఆడవాళ్లలో సగం మందికి చదువు రాదు.

అప్పుడు నా పాత లాప్‌టాప్ ఒకటి ఆమెకు ఇచ్చాను. టైపు చేసింది గట్టిగా చదివి వినిపించే ప్రోగ్రాము వేశాను. ఇక్కడొక చిక్కు ఉంది. సరిహద్దులో కన్నడ వైపున్న మా తాలూకాలో నోరు తెలుగుది, చెయ్యి కన్నడది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రాసేది కన్నడం. నేను పెద్దయినాక పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, అక్క నేర్చుకోలేదు. ఆమె తెలుగు మాటలను కన్నడ అక్షరాలలో రాస్తుంది, కన్నడం చదివే గొంతు వాటిని చదువుతుంది. మొదట్లో మైసూరు చుట్టం ఎవరో తెలుగు నేర్చుకుంటున్నట్టు ఉండేది. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. అక్క కూడా చప్పుడు లేకుండా నవ్వేది.

రానురాను ఆ గొంతు బాగుపడింది. ఒక అక్షరం నొక్కితే ఒక పూర్తి మాట పలికేటట్టు గుర్తులు పెట్టుకోవచ్చని నేనే చూపించాను, అంతవరకే నా పని. తరవాత రెండేళ్లు కుట్టు మిషను ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆమె ఆ ఫైలు ముందు కూచునేది. బేరాలాడేవాళ్లను ఆ గొంతు బుజ్జగించేది, తొందరపెట్టేవాళ్లను దబాయించేది. ప్రోగ్రాము కొత్త రూపం ఏదో వచ్చి ఉంటుంది, అందుకే బాగుపడిందని నేను అనుకున్నాను. ఇద్దరు ముగ్గురితో ఆ మాట అన్నాను కూడా.

ఆ బుధవారం నాకు మధ్యాహ్నం షిఫ్టు. పోతూ పోతూ పెన్‌డ్రైవు జేబులో వేసుకుని అక్క అంగడికి పోయాను. ఆమె గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీస్తోంది.

“అర్ధగంట ఇయ్యక్కా, నీ కంప్యూటర్ కూడా నాదాని మాదిరి చేసిపెడతా” అన్నాను.

అక్క సుద్దముక్క పక్కన పెట్టి మీటలు నొక్కింది. “బాగానే ఉండాది కదప్పా. ఊరికే ఉండేదాన్ని ఎందుకు కెలుకుతావు?” అనింది లాప్‌టాప్.

“రేపు ఇది చెడిపోతే ఏం చేస్తావు? ఈ ఫైలు ఉంటే కొత్తదానిలో ఐదు నిమిషాల్లో అన్నీ వచ్చేస్తాయి. నీ మేలుకేలే.”

అబద్ధం కాదు ఆ మాట. తగుదునమ్మా అని పెట్టుకున్న పనులన్నిటిలోనూ ఎంతో కొంత నిజం ఉంటుంది, అదే వాటితో వచ్చే తంటా. అక్క కత్తెర తీసుకుని తన పనిలో పడింది.

ఆమె గుర్తుల ఫైలు తెరిచాను. చూడగానే ఒళ్లు జలదరించింది. ఒకే మాట మూడు నాలుగు చోట్ల ఉంది, ప్రతిచోటా ఒక కొత్త తప్పుతో. ‘అట్లనా’ అని ఒకచోట, ‘అట్లాఆనా’ అని ఒకచోట, మధ్యలో కామా పెట్టి ఇంకోచోట. అన్నిటికంటే ఘోరం ‘ఊ’. వరసగా ఏడున్నాయి, ఇప్పుడు నాకు గుర్తున్నంతలో ఇట్లాంటివి. ‘ఊ’, ‘ఊఊ’, ‘ఉఊ’, ‘ఊ?’, ‘ఊం’, ‘ఊ, ఊ’, ‘ఊం, ఊఊం’. మీట మీద వేలు ఎక్కువసేపు పెట్టి ఉంటుంది, తప్పు పడితే చెరపడం తెలియక పక్కన ఇంకోటి రాసుకుని ఉంటుంది అనుకున్నాను. ఏడో తరగతి చదువు కదా అని జాలి కూడా పడ్డాను.

దానికొక నకలు తీసుకుని ఇక సర్దాను. మాటకు ఒకటి చొప్పున, సరైన వర్ణక్రమంతో ఉంచి మిగతావి తీసేశాను. ఏడు ఊలకు ఏడు మీటలు అలవాటై ఉంటాయి కదా, పాపం ఏ మీట నొక్కినా పని జరగాలని ఏడు మీటలనూ మిగిలిన ఒక్క ఊకే కలిపాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. శుభ్రమైన ఆ ఫైలును సాధనానికి అప్పగించాను. ఎర్ర వరసలు తెర నిండా వచ్చాయి. ఇవి పోతాయి, సరేనా అని అడిగింది. అంత ఎరుపు చూస్తే నాకు ఇల్లు ఊడ్చినంత తృప్తి. సరే అన్నాను. అక్కకు చూపిద్దామంటే ఎవరికో కొలతలు తీసుకుంటోంది. డ్యూటీకి టైమయిందని బండెక్కాను.

అక్క కూతురు ఆ సంవత్సరమే తుమకూరులో పీయూసీ సైన్సులో, అంటే ఇంటర్లో, చేరింది, హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి వరకు కన్నడ మాధ్యమం, అక్కడ అన్నీ ఇంగ్లీషు. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు. బుధవారం, ఆదివారం సాయంత్రం వార్డెన్ బల్ల మీది ఫోనులో ఇంటికి మాట్లాడవచ్చు. అక్క తన ఫోనును లాప్‌టాప్ పక్కన పెట్టుకుని కూచునేది. పాప చెప్తూ పోయేది, ఈమె ఊ కొడుతూ ఉండేది. చిన్నప్పుడు కథలు చెప్పింది అక్క, ఊ కొట్టింది పాప. ఇప్పుడు తిరగబడింది. టైపు చేసే నిదానానికి ఫోనులో సంభాషణ నడవదు, కాబట్టి ఆ తల్లీకూతుళ్ల మాటలన్నీ ఊ మీదే నడిచేవి.

ఆ సాయంత్రం జరిగింది తరవాత ఇద్దరూ చెప్తే తెలిసింది. పాపకు పరీక్షలో మార్కులు మరీ తక్కువ వచ్చాయి. ఏడుస్తూనే మొదలుపెట్టింది. “ఆడ సార్లు చెప్పేది నాకు ఒక్క ముక్క కూడా ఎక్కడంలేదు మా. అందురూ రాసుకుంటాంటే నేను చూస్తా కూచుంటా.” అక్క బుజ్జగించే ఊ నొక్కింది. వచ్చింది మామూలు ఊ. తల్లి గొంతు మారిందని పాప అనుకుంది, కోపం వచ్చిందేమో అని ఇంకా ఏడ్చింది. చివరికి అడిగింది. “నాకు చేతకాదు మా. ఇంటికి వచ్చేసేదా?”

అక్క చెయ్యి అలవాటుగా ‘ఊఁహూఁ’ మీటకు పోయింది. అదే ఏడోది, ‘ఊం, ఊఊం’ లాంటిది. ఆ కన్నడ గొంతుకు ‘హ’ పలికితే దగ్గినట్టుండేదట. అందుకని ‘హ’ తీసేసి, కామాతో ఊపిరి ఆపి, రెండోదాన్ని సాగదీసి ‘వద్దమ్మా’ అనే ఊఁహూఁ చేసుకుంది. నేను దాన్ని రెండు సార్లు పడిన ఊ అనుకున్నాను.

లాప్‌టాప్ “ఊ” అనింది.

అక్క ఉలిక్కిపడి మళ్లీ నొక్కింది. “ఊ.” ఈసారి గట్టిగా నొక్కింది. “ఊ.” కంగారుగా ‘వద్దు’ అని అక్షరం అక్షరం టైపు చేయబోయే లోపల అవతల పాప ముక్కు చీది, “సరే మా, రేపు పొద్దున బస్సుకు వచ్చేస్తా” అని పెట్టేసింది. తిరిగి చేస్తే ఫోను ఖాళీ లేదు, వేరే పిల్ల వాళ్ల ఇంటికి మాట్లాడుతోంది. ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

అక్క నాకు ఫోను మీద ఫోను చేసింది, మెసేజి పెట్టింది. మా కంట్రోల్ రూములోకి ఫోన్లు తీసుకుపోకూడదు, బయట పెట్టెలో పెట్టాలి. షిఫ్టు దిగి వచ్చేసరికి నా ఫోను చచ్చి ఉంది. చుట్టూ అన్ని ప్యానెళ్లున్న చోట పని చేసే నాకు ఫోనులో చార్జి లేదు. ఇంటికి పోయి పడుకున్నాను. తెల్లారి మెసేజి చూసి హాస్టలుకు ఫోను చేస్తే పాప అప్పటికే బస్సెక్కింది.

“మీ అక్కగారిని అడిగే పంపించాము. ఫోను స్పీకర్‌లో ఉంది, మూడుసార్లు ఊ అన్నారు, నేనే విన్నాను” అన్నారు వార్డెన్ కన్నడంలో. సోమవారం లోపల తిరిగి రాకపోతే హాస్టల్లో ఆమె చోటు వేరేవాళ్లకు ఇస్తామని కూడా చెప్పారు. ఆమె తప్పేమీ లేదు.

నేను అంగడికి చేరేసరికి మధ్యాహ్నమైంది. మధుగిరి మీదుగా వచ్చే బస్సు దిగి పాప అప్పుడే ట్రంకు పెట్టె లోపల పెడుతోంది. అక్క లాప్‌టాప్ ముందు కూచుని ఉంది. నన్ను చూసి లేవలేదు. చాలాసేపు టైపు చేసింది. తరవాత ఆ గొంతు, నేను శుభ్రం చేసిన ఆ గొంతు, ఏ ఎత్తూ పల్లమూ లేకుండా చదివింది.

“నా గొంతు డాక్టరు తీసినాడు. బతకల్ల కాబట్టి తీసినాడు. నువ్వు ఎందుకు తీసినావు?”

నాకు నిజంగా ఏమీ అర్థం కాలేదు. ఏడు ఊలూ ఆమె కాగితం మీద రాసి, దేనికి ఏదో పక్కన రాసి చూపించిన తరవాత తెలిసింది. సరేలే అనే ఊ, తరవాత ఏమైంది చెప్పు అనే ఊ, నిజమా అనే ఊ, నీ మాట నమ్మలేదులే అనే ఊ, పోనీలే తల్లీ అనే ఊ, తొందరపడొద్దు వింటున్నా అనే ఊ, వద్దు అనే ఊఁహూఁ. తప్పులు కావు, అవి స్వరాలు. రెండేళ్లు చెవితో విని, అక్షరం కలిపి, అక్షరం తీసి కట్టుకున్నది. వినాయకుడిని చేయబోతే కోతి అయిందంటారు. నేను ఉన్న వినాయకుడినే చెక్కి కోతిని చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పాత రూపం తెద్దామని సాధనం తెరిచాను. అది దాచిపెట్టిన రూపాలన్నీ భద్రంగా ఉన్నాయి, నేను అప్పగించిన క్షణం నుంచి. నేను ముందు శుభ్రం చేసి తరవాత అప్పగించాను. దానికి తెలిసిన మా అక్క మొదటి రూపమే నేను సర్దిన రూపం. అక్కడే కూచుని ఏడ్చాను. అక్క ఓదార్చలేదు.

పాపకు జరిగింది చెప్పాను. నా వైపు కూడా చూడలేదు.

“మామ చెప్పేది నేను నమ్మను. నన్ను మళ్లీ తోలల్లని చెప్తాండాడు. మా అమ్మ ఊ అనింది. ఒకసారి కాదు, మూడు సార్లు.”

ఆ మూడు ఊలు ఆ పిల్లకు ఎంత ఊరట ఇచ్చాయో అప్పుడు చూశాను. రాత్రంతా ఏడ్చి, పొద్దున బస్సులో కిటికీ పక్కన కూచుని, అమ్మ రమ్మనింది కదా అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చిన పిల్ల. దాన్ని అబద్ధమంటే ఎందుకు ఒప్పుకుంటుంది? అక్క ‘వద్దనే అన్నాను’ అని టైపు చేస్తే, లాప్‌టాప్ దాన్ని తాలూకా ఆఫీసులో పేరు పిలిచినట్టు చదివింది.

“ఇప్పుడు మామ పక్కన ఉండాడని అంటాండావు” అనింది పాప.

పాప లేనప్పుడు అక్కతో అన్నాను, “పో అని గట్టిగా చెప్పక్కా. నీ మాట వినకపోతే ఎవురి మాట వింటాది? సోమవారం దాటితే చేతుల్లో ఉండదు.”

అక్క కాగితం మీద రాసింది. ఆ లాప్‌టాప్ గొంతుతో నాతో మాట్లాడటం మానేసింది. ‘చెప్తే పోతాది. నేను తోసినానని పోతాది. అట్ల పోయిన పిల్ల చదవదు. నా ఊఁహూఁ నాకు ఇయ్యి.’

ఇవ్వడం నా వల్ల కాలేదు. ఆమె వల్ల కూడా కాలేదు. ఎన్ని అక్షరాలు, కామా ఎక్కడ, ఏదీ ఆమెకు గుర్తు లేదు. ఆమె వేలికి తెలిసింది మీట ఒక్కటే. ఆ కాగితం మీద రాసిచ్చింది కూడా అంచనాకు రాసిందే, అది పెడితే వేరేగా పలికింది. శుక్రవారం, శనివారం షిఫ్టుకు ముందు వచ్చి ఆమె పక్కన కూచున్నాను. నేను చేయగలిగింది కష్టపడటం ఒక్కటే. కామా పెట్టి చూడు, చుక్క పెట్టి చూడు, ఇంకో ‘ఊ’ చేర్చు. పదిసార్లు వినేసరికి నాకు అన్నీ ఒకటే మాదిరి వినబడేవి. అక్కకు ఒక్కొక్కటీ వేరు. ‘ఇది వెక్కిరించినట్టుండాది’, ‘ఇది నొప్పి పుట్టినట్టుండాది’ అని రాసి కొట్టేసేది. ఇదే పని ఆమె రెండేళ్లు చేసిందని, దాన్నే నేను ప్రోగ్రాము కొత్త రూపం అని నలుగురికీ చెప్పానని తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

వచ్చే ఆడవాళ్లకు కూడా తేడా తెలిసింది. జాకెట్టు చేతుల గురించి కథంతా చెప్పిన ఒకావిడ, “ఏమ్మా, నా మీద ఏమన్నా కోపమా? ఊ అంటే ఊ అని ఊరుకుంటాండావు” అనింది. అక్క చేతులు జోడించింది.

పాప మాత్రం హాయిగా ఉంది. తల్లి పక్కన కింద కూచుని జాకెట్లకు హుక్కులు కుట్టేది. మంచి చెయ్యి, కుట్టు సన్నగా పడేది. అది చూసి నాకే అనిపించింది, ఉండనీలే, ఇది కూడా బతుకే కదా, మా అక్క దీంతోనే కదా నిలబడింది అని. ఆ మాట అంటే అక్క కాగితం మీద రాసింది. ‘నా చదువు ఏడుతో నిలిపినారు కాబట్టి ఈడ కూచున్నా. అది దానికి ఇష్టమై కూచుంటే నేను ఏమీ అనను. భయపడి వచ్చి కూచునింది.’

ఆదివారం అంగడి సగం తలుపు వేసి ఉంది. సెలవు పెట్టి పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాను. అక్క ఎప్పటిలాగే ప్రయత్నిస్తోంది. లాప్‌టాప్ నుంచి “ఊం… ఊం”, “ఉం, ఊం” అని వస్తోంది. పాప ఒక జాకెట్టు ఒళ్లో పెట్టుకుని హుక్కులు కుడుతోంది. ఆ నాలుగు రోజులూ ఈ శబ్దాలు వింటూనే ఉంది, ఏమీ అనలేదు.

మధ్యాహ్నం అన్నాలయినాక అక్క ఒకటి నొక్కింది. పాప తల ఎత్తకుండానే అనింది, “అది కాదు మా. మొదటిది అంత పొడుగు లేదు.”

అక్క చెయ్యి ఆగిపోయింది. ఒక ‘ఊ’ తీసేసి మళ్లీ నొక్కింది.

“ఊఁ, రెండోది ఇంకా సాగల్ల. చివర్లో కిందికి దిగదు, పైకి పోతాది. నువ్వు నవ్వుకుంటా వద్దంటావు కదా, అట్ల.”

అక్క చివర ప్రశ్నార్థకం పెట్టింది. పాప దారం కొరుకుతూ విని తల అడ్డంగా ఊపింది. అక్క ప్రశ్నార్థకం తీసి ఒక ‘ఉ’ చేర్చింది. కామా ఒకటే ఉన్నచోట రెండు పెట్టింది. నొక్కింది.

అంత సన్న తేడా నాకు కూడా తెలిసింది. వద్దమ్మా అనే మాటలో ఎంత మెత్తదనం పట్టగలదో అంతా ఉంది దానిలో. ఆపరేషన్‌కు ముందు, మా చిన్నతనంలో, నేను చెట్టెక్కుతుంటే కింద నిలబడి అక్క అనిన ఊఁహూఁ అదే.

పాప సూది ఆగిపోయింది.

“ఇదే” అనింది. “ఆ పొద్దు ఇది వినింటే నేను వచ్చేదాన్నే కాదు మా.”

నేను బయటికి చూస్తూ కూచున్నాను. నా వైపు ఎవరూ చూడలేదు, అది నయం. అక్క ఆ వరసను ఫైలులో దాచింది. తరవాత కూతురి తల మీద చెయ్యి పెట్టింది.

పాప అడిగింది, చాలా మెల్లగా. “ఈడే ఉండిపోయేదా మా?”

అక్క కూతురి తల మీది చెయ్యి తీయలేదు. రెండో చెయ్యి చాచి ఆ మీట నొక్కింది.

పాప ఒళ్లోని జాకెట్టు మడిచి, సూది దానికే గుచ్చి, పక్కన పెట్టింది. ముఖం తుడుచుకుంటూ లోపలికి పోయి మంచం కింద నుంచి ట్రంకు పెట్టె బయటికి లాగింది.